బాతుల క్రాసింగ్: జత ఎంపిక నుంచి పిల్ల దిగే వరకు

“మస్కోవీ పోతును పెకిన్ పెట్టల్లో వదిలి నెల దాటింది. పెట్టలు గుడ్లు బాగానే పెడుతున్నాయి. ఇంక్యుబేటర్‌లో పెడితే ఒక్క గుడ్డులోనూ పిండం కట్టలేదు. లోపం ఎక్కడుంది?” నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. రెండో ప్రశ్న దీనికి తోబుట్టువు లాంటిది: “అన్నీ ఒకే చెరువులో తిరుగుతాయి. ఈ పిల్ల ఏ పోతుకు పుట్టిందో ఎలా తెలుస్తుంది?”

రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉంది. గుడ్డు ఇంక్యుబేటర్‌లోకి వెళ్లకముందే, జత కలపడానికి ముందు గడిచే ఆ కొన్ని వారాల్లోనే క్రాసింగ్ (వేర్వేరు రకాలను కలిపి పిల్లలు తీయడం) గెలుపోటములు చాలావరకు తేలిపోతాయి. అందుకే ఈ మార్గదర్శిలో ఆ భాగాన్ని పొడుగ్గా రాశాను. ఓపిగ్గా చదవండి.

## 1. ఏ జతకు పిల్లలు పుడతాయో ముందు తేల్చుకోండి

పెంపుడు నీటిపక్షులను మూడు గుంపులుగా చూడాలి.

మొదటిది మామూలు బాతులు. పెకిన్, ఖాకీ క్యాంప్‌బెల్, ఇండియన్ రన్నర్, రూవాన్, కయూగా, ఐల్స్‌బరీ, ఇవన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు సంతానమే. రెండోది మస్కోవీ. ముఖం మీద ఎర్రటి కండలుండే ఈ బాతు దక్షిణ అమెరికా జాతి, మల్లార్డ్‌కు దూరపు చుట్టం. మూడోది గూస్‌లు, అంటే పొడుగు మెడ ఉండే పెద్ద బాతులు. వీటిలోనూ రెండు వంశాలున్నాయి. ఎంబ్డెన్, టూలూజ్ వంటివి గ్రేలాగ్ గూస్ నుంచి వచ్చాయి. ముక్కు మీద బుడిపె ఉండే చైనీస్, ఆఫ్రికన్ రకాలు స్వాన్ గూస్ నుంచి వచ్చాయి.

ఈ గుంపులను బట్టి ఫలితం ఇలా ఉంటుంది:

- మామూలు బాతు × మామూలు బాతు: ఏ రెండు రకాలైనా కలుస్తాయి. పిల్లలకూ సంతానం ఉంటుంది.
- మస్కోవీ × మామూలు బాతు: పిల్లలు పుడతాయి, బలంగా పెరుగుతాయి, కానీ వాటికి సంతానం ఉండదు. వీటినే మ్యూల్ బాతులు, ములార్డ్‌లు అంటారు.
- గూస్ × గూస్: వంశాలు వేరైనా కలుస్తాయి. పిల్లలకు సంతానం ఉంటుంది.
- గూస్ × బాతు: ఒకదాని మీద ఒకటి ఎక్కడం కనిపించినా పిల్లల మీద ఆశ పెట్టుకోవద్దు. ఆ గుడ్లను ఇంక్యుబేటర్‌లో పెట్టి చోటు పాడు చేసుకోకండి.

మ్యూల్ బాతులతో ఇంకో తరం నడపాలని చాలామంది అడుగుతారు. అది కుదరదు. మస్కోవీకి, మామూలు బాతుకు క్రోమోజోముల సంఖ్య ఒకటే, 80. కానీ వాటి అమరికలో తేడా ఉంది కాబట్టి మ్యూల్ బాతు ఒంట్లో అవి సరిగ్గా జత కుదరవు, పనికొచ్చే బీజకణాలు తయారు కావు. మ్యూల్ పిల్లలు కావాలంటే ప్రతిసారీ తల్లిదండ్రుల రెండు జాతుల నుంచీ మొదలుపెట్టాల్సిందే. కనుక ఆ రెండు జాతుల శుద్ధమైన మందలను పక్కన నిలుపుకోగలరో లేదో ఇప్పుడే ఆలోచించండి.

## 2. పోతు ఏది, పెట్ట ఏది

మస్కోవీ క్రాస్‌లో ఇది చాలా పెద్ద తేడా తెస్తుంది.

మస్కోవీ పోతును మామూలు పెట్టతో కలిపితే వచ్చేది మ్యూల్. ఇందులో పోతులు, పెట్టలు దాదాపు ఒకే సైజుకు పెరుగుతాయి. పైగా తల్లి మామూలు బాతు కాబట్టి గుడ్లు ఎక్కువగా దొరుకుతాయి.

తిరగేసి, మామూలు పోతును మస్కోవీ పెట్టతో కలిపితే వచ్చేదాన్ని హిన్నీ అంటారు. ఇందులో పోతులు పెద్దవి, పెట్టలు బాగా చిన్నవి. మస్కోవీ పెట్ట కొన్ని గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది కాబట్టి గుడ్లూ తక్కువే. హిన్నీ పెట్ట పెద్దయ్యాక చిన్న గుడ్లు పెట్టొచ్చు. వాటిలో పిల్ల రాదు. వాటిని చూసి సంతానం ఉందని పొరబడకండి.

మొదటిసారి చేస్తున్నవారు మస్కోవీ పోతు, పెకిన్ పెట్టలతోనే మొదలుపెట్టమని నా సలహా. రన్నర్, క్యాంప్‌బెల్ వంటి తేలికపాటి పెట్టల మీదికి మస్కోవీ పోతును వదలడం నాకు ఇష్టం ఉండదు. ముదురు మస్కోవీ పోతు ఐదారు కిలోలు తూగుతుంది, రన్నర్ పెట్ట రెండు కిలోలు దాటడమే అరుదు. ఆ బరువుకు పెట్ట నడుము, కాళ్లు దెబ్బతింటాయి.

మామూలు బాతుల్లో పోతు, పెట్ట ఎంపిక ఇంకో రకంగా పనికొస్తుంది. ఖాకీ క్యాంప్‌బెల్‌లో ఉండే గోధుమ రంగు లక్షణం లింగ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఖాకీ పోతును రూవాన్, కయూగా వంటి ముదురు రంగు పెట్టలతో కలిపితే గుడ్డులోంచి దిగిన రోజే ఆడ, మగ తెలిసిపోతుంది: గోధుమ ఛాయ ఉన్నవి పెట్టలు, నల్లటి ముదురు ఛాయ ఉన్నవి పోతులు. జత తిరగేస్తే, అంటే ముదురు రంగు పోతు, ఖాకీ పెట్ట అయితే, పిల్లలన్నీ ముదురుగానే పుడతాయి, ఆ సౌకర్యం పోతుంది. గుడ్ల కోసం పెట్టలే కావాలనుకునేవారికి ఇది బంగారం లాంటి ఉపాయం.

ఒక హెచ్చరిక. తల మీద జుట్టు కుచ్చు ఉన్న క్రెస్టెడ్ బాతులను ఒకదానితో ఒకటి కలపొద్దు. కుచ్చు జన్యువు తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా వస్తే పిండం గుడ్డులోనే చనిపోతుంది. నాలుగింట ఒక వంతు గుడ్లు అలా పోతాయి. కుచ్చు ఉన్నదాన్ని కుచ్చు లేనిదానితోనే కలపండి, సగం పిల్లలకు కుచ్చు వస్తుంది.

## 3. పక్షుల ఎంపిక

వయసు తక్కువ చూసి తొందరపడేవాళ్లే ఎక్కువ. మామూలు పెట్ట ఐదారు నెలలకే గుడ్లు మొదలుపెట్టినా తొలి గుడ్లు చిన్నవి. అవి పిల్లలకు పనికిరావు. మస్కోవీ పోతు చేతికి రావడానికి ఏడెనిమిది నెలలు పడుతుంది. మీ పెట్టలు, పోతు ఒకే రోజు పుట్టినవైతే పెట్టలు గుడ్డుకు వచ్చేసరికి పోతు ఇంకా కుర్రదే. పోతును రెండు మూడు నెలలు ముందే పుట్టించి పెట్టుకోండి. గూస్‌లలో రెండో ఏడు నుంచే గుడ్ల సంఖ్య, పొదుగు ఫలితం నిలకడగా ఉంటాయి.

ఒక్కో పక్షిని చేతిలోకి తీసుకుని చూడాల్సినవి:

- కళ్లు తేటగా, ముక్కు రంధ్రాలు శుభ్రంగా ఉండాలి.
- అరికాళ్లలో వాపు, నల్లటి పుండు ఉండకూడదు. అరికాలు నొప్పి ఉన్న పోతు పెట్ట మీద నిలవలేదు.
- రొమ్ము ఎముక వంకర లేకుండా, దాని రెండు పక్కలా కండ సమంగా ఉండాలి.
- పొట్ట కింద కొవ్వు సంచి వేలాడకూడదు.
- రెక్క చివర ఈకలు బయటికి తిరిగి ఉండకూడదు.
- పోతుకు గతంలో అంగం బయటికి జారిన సమస్య ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి.

కొత్తగా తెచ్చిన పక్షులను మూడు నాలుగు వారాలు విడిగా ఉంచాకే మందలో కలపండి. డక్ ప్లేగు అనే వైరస్ జబ్బుకు మస్కోవీ చాలా తొందరగా లొంగిపోతుంది. టీకా విషయం జత కలపడానికి ముందే పశువైద్యులతో మాట్లాడుకోండి.

## 4. మూడు వారాల ఎడబాటు

ఎక్కువ మంది దాటేసే మెట్టు ఇదే. దీన్ని దాటేస్తే మిగతా శ్రమంతా వృథా.

పెట్ట గుడ్ల నాళం లోపలి ముడతల్లో పోతు వీర్యం రోజుల తరబడి బతికి ఉంటుంది. పాత పోతును తీసేసిన వారానికి, పది రోజులకు పెట్టిన గుడ్డులోనూ దాని పిల్ల ఉండొచ్చు. అందుకని బాతు పెట్టలను పోతులేవీ లేని దొడ్లో కనీసం 3 వారాలు ఉంచండి. గూస్‌లకు నేను 4 వారాలు ఇస్తాను.

పని అక్కడితో అయిపోలేదు. మూడో వారంలో వచ్చిన గుడ్లలో పదింటిని ఇంక్యుబేటర్‌లో పెట్టి ఏడో రోజు లైటు వేసి చూడండి. పదీ ఖాళీగా ఉంటే పెట్టలు సిద్ధమైనట్టే. ఒక్క గుడ్డులో పిండం కనిపించినా ఇంకో వారం ఆగండి. కంచె సందులోంచి ఏ పోతైనా వస్తోందేమో కూడా వెతకండి. మస్కోవీలు ఎగురుతాయి, నాలుగు అడుగుల కంచె వాటికి లెక్క కాదు.

ఈ మూడు వారాలూ మేత సరిచేసుకోవడానికి వాడుకోండి. పెట్టలకు 16 నుంచి 18 శాతం ప్రొటీన్, 3 శాతం దగ్గర కాల్షియం ఉన్న దాణా పెట్టండి. బూజు వాసన వచ్చే గింజలు ఒక్క గుప్పెడు కూడా వద్దు. బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ విషానికి బాతులంత తొందరగా దెబ్బతినే పెంపుడు పక్షులు తక్కువ. పగటి వెలుతురు తక్కువున్న కాలంలో లైటు వేసి రోజుకు 14 నుంచి 16 గంటలు వచ్చేలా చూడండి. పోతులకు కూడా ఈ వెలుతురు కావాలి.

## 5. జత కలపడం

నా సొంత అనుభవం చెబుతాను. మొదటిసారి ఈ క్రాస్ చేసినప్పుడు, తన జాతి పెట్టల మధ్యే పెరిగిన రెండేళ్ల మస్కోవీ పోతును ఎనిమిది పెకిన్ పెట్టల్లో వదిలాను. కంచె అవతల దాని పాత మస్కోవీ పెట్టలు ఉన్నాయి. ఆ పోతు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంచె దగ్గరే నిలబడేది. నెత్తి మీది ఈకలు నిక్కబొడుచుకుని, తోక ఊపుతూ, తల ముందుకూ వెనక్కూ ఆడిస్తూ బుస కొట్టేది, అదీ అవతలి పెట్టల వైపు తిరిగి. వెనక పెకిన్‌లు నీళ్లలో ఈదుతుంటే తిరిగి చూసేది కాదు. 36 గుడ్లు పెడితే పిండం కట్టినవి రెండు.

అప్పుడు అర్థమైంది. పోతు తాను ఎవరి మధ్య పెరిగిందో వాళ్లనే తనవాళ్లుగా ఎంచుతుంది. మరుసటి ఏడాది మస్కోవీ పోతు పిల్లలను దిగిన మొదటి రోజు నుంచే పెకిన్ పిల్లలతో కలిపి పెంచాను. మస్కోవీ పెట్ట ఒక్కటి కూడా వాటి కంట పడకుండా చూశాను. తేడా మొదటి విడత గుడ్లలోనే కనిపించింది.

జత కలిపేటప్పుడు పాటించాల్సిన వరుస ఇది:

1. పోతును దిగిన రోజు నుంచి అవతలి జాతి పిల్లలతో కలిపి పెంచండి. అలా పెంచిన పోతు లేకపోతే వయసులో చిన్నది, ఇంకా జత కట్టనిది ఎంచుకోండి.
2. పోతు సొంత జాతి పెట్టలు కనిపించని, వినిపించని చోట దొడ్డి పెట్టండి.
3. పోతును తెచ్చి పెట్టల దొడ్లో వదలకండి. దాని దొడ్లోకే పెట్టలను తీసుకెళ్లండి. తన చోటు అనుకున్న పోతు ధైర్యంగా ఉంటుంది.
4. మస్కోవీ పోతు ఒక్కదానికి మూడు నుంచి ఐదు పెకిన్ పెట్టలు చాలు. మామూలు బాతుల మధ్య క్రాస్ అయితే ఐదారు. బరువైన గూస్‌లలో మగదానికి మూడు, తేలికపాటి చైనీస్ రకంలో ఐదు వరకు.
5. నీటి తొట్టి కనీసం అడుగు లోతు ఉండాలి. నీళ్లలో పెట్ట మీద పోతు బరువు తగ్గుతుంది. బరువైన జాతులకు ఇది మరీ అవసరం.
6. పోతులు రెండు మూడు ఉంటే ఒక్కోదానికి ఒక్కో దొడ్డి. ఒకే దొడ్లో ఉంచితే కొట్లాటల్లోనే కాలం గడిచిపోతుంది.

గూస్‌ల సంగతి వేరు. అవి జత కట్టడానికి సమయం తీసుకుంటాయి, ఒకసారి కట్టాక తొందరగా మారవు. గుడ్ల కాలానికి కనీసం ఆరేడు వారాల ముందే కలపండి. పాత జోడీని విడదీసి కొత్తదానితో కలిపితే మొదటి ఏడాది గుడ్లు ఖాళీగా పోవడం మామూలే. పాత తోడు అరుపు వినిపించినంత కాలం మగ గూస్ కొత్తదాన్ని దగ్గరికి రానివ్వకపోవచ్చు.

జత కుదిరిందని ఎలా తెలుస్తుంది? పొద్దున్నే నీటి దగ్గర ఒక అరగంట కదలకుండా కూర్చోండి. మామూలు పెట్ట ఒప్పుకున్నప్పుడు తలను పైకీ కిందికీ ఆడిస్తుంది, తర్వాత మెడ చాచి నీటికి సమంగా బల్లపరుపుగా పడుకుంటుంది. కలిశాక రెక్కలు కొట్టుకుంటూ స్నానం చేస్తుంది. పెట్ట పారిపోతుంటే పోతు తరుముతూ మెడ ఈకలు పీకుతుంటే అది జత కుదరడం కాదు. రెండు రోజులు విడదీసి మళ్లీ ప్రయత్నించండి.

పెద్ద ఎత్తున మ్యూల్ పిల్లలను పుట్టించే ఫ్రాన్స్, తైవాన్‌లలో ఎక్కువగా కృత్రిమ గర్భధారణే వాడతారు. ఈ క్రాస్‌లో పెట్ట ఒంట్లో వీర్యం నిలిచే కాలం తక్కువ కాబట్టి వారానికి రెండుసార్లు చేయాలి. వీర్యాన్ని తీసిన వెంటనే, చల్లటి గాలి, నీటి చుక్క తగలకుండా వాడాలి. పెట్ట గుడ్ల నాళం ఎడమ వైపు ఉంటుంది. ఇవి రాసుకుని చేసే పని మాత్రం కాదు, చేయి తిరిగినవారి పక్కన నిలబడి నేర్చుకోవాల్సింది. తెలియక నొక్కితే పెట్ట లోపల చిరిగిపోతుంది.

## 6. గుడ్ల సేకరణ, నిల్వ

పోతును కలిపిన మొదటి వారం గుడ్లను లెక్కలోకి తీసుకోకండి. రెండో వారం నుంచి దాచండి.

మామూలు పెట్టలు తెల్లవారుజామునే గుడ్డు పెడతాయి. తొమ్మిది గంటల వరకు పెట్టలను గూట్లోనే ఉంచితే గుడ్లు బురదలో పడవు. మస్కోవీ పెట్టలు పొద్దెక్కాక కూడా పెడతాయి, వాటి గూడు మధ్యాహ్నం ఇంకోసారి చూడండి.

- గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ, దొడ్డి నంబరు రాయండి. ఇంకు పెన్ను వాడొద్దు.
- కొద్దిపాటి మట్టిని పొడి గుడ్డతో తుడవండి. కడగక తప్పకపోతే గుడ్డు కంటే వేడిగా, 43 డిగ్రీల దగ్గర ఉన్న నీళ్లు వాడండి. చన్నీళ్లలో ముంచితే లోపలి పదార్థం కుంచించుకుని మురికిని పెంకు రంధ్రాల్లోంచి లోపలికి లాక్కుంటుంది.
- 13 నుంచి 15 డిగ్రీల చల్లని చోట, మొన కిందికి ఉండేలా నిలబెట్టండి.
- ఏడు రోజుల్లోపు ఇంక్యుబేటర్‌లో పెట్టేయండి. అంతకు మించి ఉంచితే రోజూ వాలు మార్చండి. పది రోజులు దాటాక ఫలితం పడిపోతుంది.
- చీలిక ఉన్నవి, మరీ పొడుగువి, గుండ్రంగా ఉన్నవి, పెంకు గరుకుగా ఉన్నవి తీసేయండి.

## 7. పొదిగించడం

ముందు రోజుల లెక్క. మామూలు బాతు గుడ్డుకు 28 రోజులు, మస్కోవీకి 35. ఈ రెండిటి క్రాస్‌కు మధ్యలో, 30 నుంచి 32 రోజులు. గూస్‌లలో రకాన్ని బట్టి 28 నుంచి 34. 28 రోజులు కాగానే మ్యూల్ గుడ్లను పారేసినవారు నాకు తెలుసు. లోపల బతికున్న పిల్లలే ఉన్నాయి. లెక్క గోడ మీద రాసి పెట్టుకోండి.

పొదుగుకు వచ్చిన మస్కోవీ పెట్ట ఉంటే ఈ గుడ్లకు అంతకన్నా మంచి ఇంక్యుబేటర్ లేదు. 10 నుంచి 12 గుడ్ల వరకు దాని కింద పెట్టండి. పెట్ట లేకపోతే యంత్రంలో ఇలా చేయండి:

వేడి: ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో 37.5 డిగ్రీలు. ఫ్యాన్ లేనిదైతే గుడ్డు పైభాగం దగ్గర 38.3 నుంచి 38.8. గుడ్లు పెట్టడానికి ముందు రోజంతా ఖాళీగా నడిపి వేడి నిలకడగా ఉందో లేదో చూడండి.

తేమ: చివరి మూడు రోజుల వరకు 55 నుంచి 60 శాతం, తర్వాత 75 పైన.

తిప్పడం: చేత్తో అయితే రోజుకు 3 లేదా 5 సార్లు. బేసి సంఖ్య ఎందుకంటే, రాత్రి పొడుగ్గా ఉండే సమయంలో గుడ్డు ప్రతిరోజూ ఒకే వైపు పడకుండా ఉంటుంది.

చల్లార్చడం: పదో రోజు నుంచి రోజుకోసారి మూత తీసి 10 నుంచి 15 నిమిషాలు ఆరనిచ్చి, గోరువెచ్చని నీళ్లు పలచగా చిలకరించండి. తల్లి మేతకు లేచి తడిసిన ఈకలతో తిరిగి వచ్చి కూర్చున్నట్టు అన్నమాట. మస్కోవీ క్రాస్‌కు, గూస్‌లకు దీనివల్ల మేలు స్పష్టంగా కనిపిస్తుంది.

తేమను మీటర్‌తోనే కాకుండా తక్కెడతో కూడా చూడండి. గుడ్డు పొదుగు కాలంలో నీటిని కోల్పోయి 12 నుంచి 14 శాతం తేలికవ్వాలి. మొదటి రోజు 80 గ్రాములున్న గుడ్డు పిల్ల పెంకు పొడిచే సమయానికి 70 దగ్గర ఉండాలి. అయిదు గుడ్లను గుర్తుపెట్టి వారానికోసారి తూచండి. తగ్గుదల తక్కువైతే తేమ తగ్గించండి, ఎక్కువైతే పెంచండి.

లైటు వేసి చూడటం మూడుసార్లు: 7, 14 రోజులకు, చివరగా తిప్పడం ఆపే రోజున. ఏడో రోజు చీకటి గదిలో గుడ్డు వెనక లైటు పెడితే, పిండం కట్టిన గుడ్డులో రావి ఆకు ఈనెల్లా ఎర్రటి నరాలు పరుచుకుని ఉంటాయి. వాటి మధ్య నల్లటి చుక్క ఉంటుంది, అది కన్ను. కాసేపు చేతిని కదలకుండా పట్టుకుంటే ఆ చుక్క ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు కదులుతుంది. నరాలు లేకుండా పసుపు నీడ మాత్రమే ఉంటే ఖాళీ గుడ్డు. నరాలు విడిపోయి ఎర్రటి ఉంగరంలా అంచున మిగిలితే పిండం చనిపోయింది. రెండింటినీ తీసేయండి. ఉంచితే కుళ్లి పగిలి పక్క గుడ్లనూ పాడు చేస్తాయి.

## 8. పిల్ల దిగే రోజులు

లెక్క ప్రకారం పిల్ల దిగే రోజుకు మూడు రోజుల ముందు తిప్పడం ఆపి, తేమ పెంచి, మూత మూసేయండి. మ్యూల్ గుడ్లకు ఇది 27 నుంచి 29వ రోజు అవుతుంది. మళ్లీ మళ్లీ మూత తెరవకండి.

పెంకు మీద మొదటి పగులు కనిపించాక పిల్ల బయటికి రావడానికి 24 నుంచి 48 గంటలు పట్టొచ్చు. ఇక్కడే టెన్షన్‌తో పెంకు ఒలుస్తారు. వద్దు. ఆ గంటల్లో పిల్ల పెంకు పొరలోని రక్తాన్ని లోపలికి తీసుకుంటుంది, పచ్చసొనను పొట్టలోకి లాక్కుంటుంది. ముందే ఒలిస్తే రక్తం కారుతుంది. 48 గంటలు దాటి, పొర ఎండి తోలులా అతుక్కుపోయిందనిపిస్తే అప్పుడు ముక్కు చుట్టూ వేలి గోరంత పెంకు తీసి, గోరువెచ్చని నీటి చుక్కతో పొరను తడపండి. రక్తపు చుక్క కనిపిస్తే వెంటనే ఆపేయండి.

## 9. పిల్లల పెంపకం

ఇది మామూలు బాతు పిల్లల పెంపకమే కాబట్టి క్లుప్తంగా. మొదటి వారం 32 డిగ్రీల వేడి, ఆ తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గింపు. 20 నుంచి 22 శాతం ప్రొటీన్ దాణా. నీళ్ల గిన్నె ముక్కు రంధ్రాలు మునిగేంత లోతుగా ఉండాలి, పిల్ల పడి మునిగేంత వెడల్పుగా ఉండకూడదు.

ఒక్క విషయం మాత్రం మరవకండి. బాతు పిల్లలకు నయాసిన్ అనే బి విటమిన్ కోడి పిల్లల కంటే ఎక్కువ కావాలి, కిలో దాణాకు 55 మిల్లీగ్రాముల దగ్గర. కోడి పిల్లల దాణా పెట్టి ఊరుకుంటే రెండో వారానికల్లా కాళ్లు వంకరపోతాయి. నయాసిన్ ఉండే బ్రూయర్స్ ఈస్ట్ పొడి దాణాలో కలపండి. క్రాస్ పిల్లలు తొందరగా బరువెక్కుతాయి కాబట్టి లోటు వీటిలో ముందుగా బయటపడుతుంది.

## 10. ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

ఏడో రోజున గుడ్లన్నీ ఖాళీ. పోతు కలవడం లేదు. దాని సొంత జాతి పెట్టలు దగ్గరలో ఉన్నాయేమో, నీళ్లు చాలినంత ఉన్నాయో లేదో, పోతు అరికాళ్లు ఎలా ఉన్నాయో చూడండి. రెండు వారాల్లో మార్పు లేకపోతే పోతును మార్చండి.

సగం కట్టి సగం ఖాళీ. మస్కోవీ క్రాస్‌లో ఇది అసాధారణం కాదు. పెట్టల సంఖ్య తగ్గించి చూడండి. గుడ్ల మీద పెట్ట నంబరు కూడా రాయగలిగితే ఏ పెట్ట ఒప్పుకోవడం లేదో బయటపడుతుంది.

మొదటి వారంలోనే పిండాలు చావడం. నిల్వ ఎక్కువైంది, లేదా మొదట్లో వేడి హెచ్చుతగ్గులైంది. క్రెస్టెడ్ జత అయితే కారణం ముందే చెప్పాను.

పిల్ల పూర్తిగా తయారై పెంకు పొడవకుండా చావడం. ఒళ్లంతా తడిగా, ఉబ్బినట్టుంటే తేమ ఎక్కువైంది. పొరకు అతుక్కుని ఎండిపోయి ఉంటే చివర్లో తేమ చాలలేదు. కారణం తెలియాలంటే గుడ్డు పగలగొట్టి చూడాల్సిందే. మనసుకు కష్టంగా ఉన్నా చూడండి, తర్వాతి విడత పిల్లలు దానివల్ల బతుకుతాయి.

పెట్టల మెడ వెనక, వీపు మీద ఈకలు ఊడి పుండ్లు. పోతు మితిమీరి ఎక్కుతోంది. పోతును వారం తీసేయండి, లేదా పెట్టలను పెంచండి. పుండు మానే వరకు ఆ పెట్టను దొడ్లోకి పంపకండి.

పోతు అంగం బయటికి జారి లోపలికి పోవడం లేదు. వెంటనే విడిగా పెట్టి శుభ్రమైన నీళ్లతో కడిగి తడిగా ఉంచండి. అదే రోజు పశువైద్యుడికి చూపించండి. ఎండిపోతే పోతు ప్రాణానికే ముప్పు.

మ్యూల్ పిల్ల అనుకున్నది మామూలు పిల్లలా ఉంది. ఎడబాటు సరిపోలేదు, పాత పోతు పిల్ల అది. నిజమైన మ్యూల్‌కు ఒళ్లు పొడుగ్గా, తోక వెడల్పుగా, పెద్దయ్యాక ముఖం మీద ఎర్ర కండ ఉండీ లేనట్టు ఉంటుంది. తెల్ల మస్కోవీ, తెల్ల పెకిన్ కలిపినా పిల్లల తల మీద నల్ల మచ్చ రావడం మామూలే. దాన్ని చూసి క్రాస్ చెడిందనుకోకండి.

## 11. గుర్తులు, తర్వాతి తరం

పిల్ల ఆరిన రోజే కాలికి రంగు రింగు వేయండి. బాతు పిల్ల కాలు రోజురోజుకూ లావెక్కుతుంది కాబట్టి వారానికోసారి రింగు వేలితో తిప్పి చూడండి. తిరగకపోతే పెద్దది వేయండి. పుస్తకంలో ఇవి రాయండి: దొడ్డి నంబరు, తండ్రి, తల్లి, పెట్టిన గుడ్లు, ఖాళీవి, చచ్చినవి, దిగినవి, నాలుగు వారాల బరువు.

మామూలు బాతుల క్రాస్‌లో, గూస్‌ల క్రాస్‌లో మొదటి తరం పిల్లలు ఒకేలా, చురుగ్గా ఉంటాయి. వాటిని చూసి మురిసిపోయి వాటిలో వాటినే కలిపితే రెండో తరంలో రంగు, బరువు, గుడ్ల సంఖ్య చెల్లాచెదురవుతాయి. ఎంబ్డెన్, చైనీస్ గూస్‌లను కలిపితే మొదటి తరంలో చిన్న బుడిపెలే ఉంటాయి, రెండో తరంలో పెద్ద బుడిపె నుంచి అసలు లేనివి దాకా అన్నీ కనిపిస్తాయి. కొత్త రకం నిలబెట్టాలనే పట్టుదల ఉంటే తప్ప మొదటి తరం దగ్గర ఆగి, మళ్లీ శుద్ధ జాతులకే వెళ్లండి.

క్రాస్ పక్షులను చెరువుల్లో, వాగుల్లో వదలొద్దు. మామూలు బాతుల క్రాస్‌లు అడవి మల్లార్డ్‌లతో, వాటి దగ్గరి జాతులతో కలిసిపోయి ఆ జాతులనే కలగాపులగం చేస్తాయి.

మ్యూల్ పోతులను జత దొడ్లకు దూరంగా పెట్టండి. సంతానం ఉండదు కదా అని చాలామంది వాటిని పెట్టల్లోనే తిరగనిస్తారు. కానీ అవి పెట్టల మీద ఎక్కుతాయి, అసలు పోతును తరుముతాయి. అంతా సరిగ్గా చేసినా గుడ్లు ఖాళీగా వస్తున్నాయని నన్ను అడిగినవారి దొడ్లో ఒకసారి నాకు కనిపించింది అదే, ముందటి ఏడాది పుట్టిన రెండు మ్యూల్ పోతులు.